సూచన ఇచ్చాడా, చూపాడా?

సందేహం: ప్రార్థన కూడికల్లో "ఈ విషయంలో దేవుడు నాకు ఒక సూచన ఇచ్చాడు" అని సాక్ష్యం చెబుతుంటారు. సూచన అంటే సలహా కదా, దేవుడు సలహా ఇచ్చాడని అర్థం వస్తుందంటాడు నా స్నేహితుడు. బైబిల్లో ఒకచోట 'సూచన', ఇంకోచోట 'సూచక క్రియ' అని ఉంది. రెండూ ఒకటేనా? "ఒక సూచక క్రియ చూపించు ప్రభువా" అని ప్రార్థిస్తే భాషలో తప్పుందా?

సమాధానం: మీ స్నేహితుడి అనుమానంలో కొంత నిజముంది. అయితే ఆయన పట్టుకోవాల్సింది 'సూచన'ని కాదు, దాని పక్కనున్న 'ఇచ్చాడు'ని.

సూచన అంటే తెలియజేసేది, ఆనవాలు పట్టించేది. సూచి, సూచిక దాని దగ్గర బంధువులు. సలహా అన్న అర్థం ఈ కాలంలో బాగా బలపడింది గానీ పాత అర్థం పోలేదు. 'వర్ష సూచన' అంటే వానకి ఎవరో సలహా ఇచ్చారని ఎవరూ అనుకోరు కదా! ఏ అర్థమో తేల్చేది వెనక వచ్చే క్రియ. సూచన ఇస్తే సలహా, లేదా ఆదేశం. సూచన చూపితే, కనబడితే అది గుర్తు.

బైబిలును తెలుగు చేసినవారికి ఈ తేడా బాగా తెలుసు. యెషయా 7:14 చూడండి: 'ప్రభువు తానే యొక సూచన మీకు చూపును'. హెబ్రీ మూలంలో ఉన్నది 'ఇచ్చును' అనే. మక్కికి మక్కి దించకుండా 'చూపును' అన్నారు. మత్తయి 12:39లో కూడా గ్రీకు 'ఇవ్వబడదు' అంటే తెలుగు 'అనుగ్రహింపబడదు' అంది. ఇలాంటి చోట్ల పాత అనువాదకుల చెవికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక సూచన, సూచకక్రియ. కొత్త నిబంధనలో ఈ రెంటి వెనకా ఉన్న గ్రీకు మాట ఒకటే, సెమేయోన్. గ్రీకులో ఒక్క మాటతో సరిపోయింది, తెలుగులో సందర్భాన్నిబట్టి విడగొట్టారు. మత్తయి 16వ అధ్యాయం మొదట్లోనే రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఆనాటి యూదుల్లో రెండు మతవర్గాలవాళ్లైన పరిసయ్యులు, సద్దూకయ్యులు యేసుని ఆకాశం నుంచి చూపమని అడిగింది 'సూచక క్రియ', ఎందుకంటే అది ఒకరు చేసి చూపాల్సిన పని. వెంటనే యేసు 'ఈ కాలముల సూచనలను' మీరు వివేచింపలేరంటాడు. అవి ఎవరో చేసి చూపేవి కావు, కళ్లముందు ఉన్నవే, గమనించాలంతే. యేసు పుట్టినప్పుడు గొర్రెల కాపరులకు దూత చెప్పినచోట అదే సెమేయోన్ 'ఆనవాలు' అయింది: 'దానికిదే మీకానవాలు' (లూకా 2:12). వెతుక్కుంటూ వెళ్లేవాడికి కావాల్సింది ఆనవాలే. సీతకు హనుమంతుడు చూపిన ఉంగరం కూడా ఆనవాలే కదా. రోమా 4:11లో సున్నతి దగ్గరికి వచ్చేసరికి అదే మాట 'గురుతు'. మన ఇప్పటి 'గుర్తు' అదే.

సూచకక్రియకీ అద్భుతానికీ తేడా ఏమిటని మీరు అడగలేదు గానీ, తరువాత వచ్చే ప్రశ్న అదే. అపొస్తలుల కార్యములు 2:22లో అద్భుతములు, మహత్కార్యములు, సూచకక్రియలు అని మూడూ వరసగా వస్తాయి. గ్రీకులో దునామిస్, తెరాస్, సెమేయోన్. మొదటిది శక్తిని చెబుతుంది, రెండోది చూసినవాళ్ల విస్మయాన్ని. మూడోది, ఈ పని దేన్ని చూపిస్తోందో అది చూడమంటుంది. కానా ఊరి పెళ్లిలో యేసు నీళ్లను ద్రాక్షారసం చేయడాన్ని యోహాను అద్భుతమనకుండా 'మొదటి సూచకక్రియ' అన్నది అందుకే.

మీ ప్రార్థన వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. చిక్కల్లా ఆ మాట మోసుకొచ్చే జ్ఞాపకంతోనే. 'నీవలన ఒక సూచకక్రియ చూడగోరుచున్నాము' అని యేసుని అడిగినవాళ్లు శాస్త్రులు (అంటే ధర్మశాస్త్ర పండితులు), పరిసయ్యులు (మత్తయి 12:38). సూచకక్రియను అడిగేది చెడ్డ తరమువారని వాళ్లకి జవాబు దొరికింది. పైగా ఉద్యోగం మారాలా వద్దా అన్న టెన్షన్‌లో దేవుణ్ణి అడిగేదానికి అది మరీ పెద్ద మాట. 'సూచన చూపించు' చాలు.

పాత నిబంధనలో ఇశ్రాయేలు న్యాయాధిపతి గిద్యోను దేవుణ్ణి అడిగింది మళ్లీ వేరు. నేలమీద పరిచిన గొర్రెబొచ్చు తడవాలి, నేల పొడిగా ఉండాలని షరతు తనే పెట్టి, మర్నాడు దాన్ని తిరగేసి అడిగాడు. ముందుగా అనుకున్న గుర్తుని సంకేతం అంటారు కాబట్టి దానికి నేనైతే ఆ మాటే వాడతాను. 'శకునం' మాత్రం ఇక్కడ పనికిరాదు. ద్వితీయోపదేశకాండం 18లో శకునాలు చెప్పేవాళ్లను నిషేధించారు, ఆ మాటకి బైబిల్లో ఆ మచ్చ పడింది.

మాటల్లో 'దేవుడు ఒక సైన్ ఇచ్చాడు' అంటున్నారు, అననివ్వండి. రాతలో 'సూచన చూపాడు' అనండి. 'సూచకమైన క్రియ' అనే సమాసం కాబట్టి 'సూచకక్రియ' అని కలిపి రాయడం పద్ధతి. మీరు రాసినట్టు విడదీసినా పెద్ద ఇబ్బంది లేదు, అచ్చులో రెండూ కనిపిస్తాయి. కొందరు 'సూచన క్రియ' అంటారు, అది మాత్రం తప్పే.