జిల్లా మారినా పిన్ కోడ్ ఎందుకు మారలేదు? పార్సెల్ మీద ఏ పిన్ రాయాలి?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. 2022లో కందుకూరు వైపు ఊళ్ళను నెల్లూరు జిల్లాలో కలిపినా పిన్ 523తోనే ఎందుకు మొదలవుతోంది? మీ పల్లెకూ పక్క పల్లెకూ ఒకటే పిన్ అయినప్పుడు పార్సెల్ సరైన ఇంటికి ఎలా చేరుతుంది? ఇల్లున్న చోటును చెప్పే కొత్త కోడ్ డిజిపిన్ వచ్చింది కదా, అది ఒక్కటి రాస్తే చాలా? ఎండాకాలం ఉలవపాడు నుంచి బంగినపల్లి కాయల పెట్టెలు ఊరూరికీ పంపడం మా ఇంటి పని. చీర అయితే నాలుగు రోజులు ఆలస్యమైనా చీరలాగే ఉంటుంది, మామిడికాయ ఆగదు. అందుకే అడ్రస్ రాయడం దగ్గర మేం చాలా పట్టుదలగా ఉంటాం. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందుగా ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. పిన్ కోడ్ మీ ఊరి నంబరు కాదు, మీ ఇంటి నంబరు అంతకన్నా కాదు. మీ ఉత్తరాన్ని మీకు అందజేసే పోస్టాఫీసు నంబరు అది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీ మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు దొరికినట్టే.

ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. దీన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ అప్పట్లో కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అధికారి, సంస్కృతంలో కవి కూడా. ఇన్ని భాషలున్న దేశంలో ఏ లిపిలో రాసినా, ఊరి పేరు ఎలా రాసినా పనికొచ్చేలా ఆరంకెల దారి వేసిన మనిషి గురించి మనవాళ్ళు పెద్దగా చెప్పుకోరు, నాకు అది కాస్త బాధగానే ఉంటుంది.

అసలు అంకెల అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆత్మకూరు పేరు ఒక్కటి చాలు. నెల్లూరు జిల్లాలో ఒక ఆత్మకూరు ఉంది, పిన్ 524322. నంద్యాల జిల్లాలో నల్లమల అంచున ఇంకొకటుంది, 518422. తెలంగాణలో వనపర్తి జిల్లాలోనూ ఉంది. కందుకూరు కూడా అంతే, రంగారెడ్డి జిల్లాలో ఇంకో కందుకూరు ఉంది. ఒకసారి మా పెట్టె ఒకటి నెల్లూరు ఆత్మకూరుకు వెళ్ళాల్సింది. బుకింగ్ దగ్గర కూర్చున్న అబ్బాయి మేం రాసిన పిన్ చూడకుండా కంప్యూటర్లో ఊరి పేరు కొట్టి, జాబితాలో ముందు కనిపించినదాన్ని నొక్కేశాడు. పెట్టె నల్లమల వైపు పోయి, అక్కడ ఆ పేరుగల మనిషి లేక తిరిగొచ్చింది. తెరిస్తే గడ్డి తడిసిపోయి ఉంది, అడుగు వరుస కాయలన్నీ నల్లబడి పోయాయి. అప్పటినుంచి రసీదు చేతికి రాగానే దాని మీద అచ్చయిన పిన్‌ను అంకె అంకె చదివి చూసుకున్నాకే కౌంటర్ వదులుతాం. మీరూ అలాగే చేయండి, అర నిమిషం పని.

ఇక అంకెల లెక్క. మొదటి అంకె దేశంలో ఏ మూలో చెబుతుంది. 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. 9 సైన్యం తపాలాకు. మొదటి రెండూ కలిపి చూస్తే 50 తెలంగాణ, 51 నుంచి 53 వరకు మనది. మూడో అంకెతో సార్టింగ్ జిల్లా, అంటే ఉత్తరాలను వేరుచేసి పంపడానికి తపాలా శాఖ పెట్టుకున్న ప్రాంతం, తేలిపోతుంది: 522 గుంటూరు వైపు, 523 ఒంగోలు వైపు, 524 నెల్లూరు వైపు. చివరి మూడు అంకెలు డెలివరీ చేసే పోస్టాఫీసువి. నెల్లూరు హెడ్ పోస్టాఫీసు 524001, ఒంగోలు 523001, కావలి 524201, కందుకూరు 523105. దూరాన సార్టింగ్ చేసేవాళ్ళకు మొదటి మూడంకెలే పని. ఢిల్లీలో ఉన్న మనిషికి కందుకూరు ఎక్కడుందో తెలియక్కర్లేదు, 523 సంచిలో పడేస్తే చాలు. చివరి మూడంకెల అవసరం ఆ సంచి మన వైపు వచ్చి విప్పాకే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. 523 అన్నది కలెక్టరేట్ ఎక్కడుందో చెప్పే అంకె కాదు, ఉత్తరాల సంచి ఏ దారిన వస్తుందో చెప్పే అంకె. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి వైపు నెల్లూరు నుంచి విడిపోయి అందులో కలిశాయి. పిన్ వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకు. అందుకే ఆ ఊళ్ళన్నిటికీ 523 పడింది. మూడేళ్ళు ముందే పిన్ వచ్చి ఉంటే కందుకూరుకు 524 వచ్చేదేమోనని నాకనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు తిరుపతి జిల్లాకు, చీరాల బాపట్ల జిల్లాకు వెళ్ళాయి. గూడూరు 524101 అలాగే ఉండిపోయింది, చీరాల 523155 అలాగే ఉంది. బాపట్లది మాత్రం 522101. ఒకే జిల్లాలో రెండు రకాల అంకెలు. జిల్లాల హద్దులు ఇంకెన్నిసార్లు మారినా పోస్టు సంచుల దారి మారనంతవరకు పిన్ మారాల్సిన పని లేదు, మారకపోవడమే మనకు మేలు. ప్రతిసారీ మారిస్తే బ్యాంకు, ఆధార్, గ్యాస్ బుక్కు అన్నీ తిరగరాయించుకోవాలి. కాబట్టి నెల్లూరు జిల్లా అన్నారు కదా అని మీ అంతట మీరు 524 పెట్టేయకండి. అలా రాస్తే పార్సెల్ ముందు నెల్లూరు వైపు పోయి, అక్కడ ఎవరో పేరు గుర్తుపట్టి వెనక్కి పంపేదాకా మీ చేతికి రాదు.

రెండో ప్రశ్న. దేశంలో పిన్ కోడ్లు సుమారు 19,000. పోస్టాఫీసులు లక్షన్నరకు పైనే. అంటే సగటున ఒక పిన్ కింద ఎనిమిది పోస్టాఫీసులు, ఒక్కో పోస్టాఫీసు కింద మళ్ళీ కొన్ని పల్లెలు. పిన్ సంచిని సబ్ పోస్టాఫీసు దాకా తెస్తుంది. అక్కడినుంచి బ్రాంచి పోస్టాఫీసుకు, అక్కడినుంచి మీ గడపకు తెచ్చేది మనుషుల జ్ఞాపకం. పల్లెలో డోర్ నంబరు చూసి ఉత్తరం ఇచ్చేవాళ్ళు తక్కువ. ఇంటి పేరు, తండ్రి పేరు, రామాలయం వీధా, చెరువు కట్ట వైపా అన్నదే వాళ్ళకు అడ్రస్. అందుకే పాతకాలం పెద్దలు రాసే పద్ధతి నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది: ఫలానా ఊరు, ఫలానా పోస్టు, వయా ఫలానా. "పోస్టు" దగ్గర మీ బ్రాంచి పోస్టాఫీసు ఉన్న ఊరు, "వయా" దగ్గర సబ్ పోస్టాఫీసు ఉన్న ఊరు. ఆన్‌లైన్ ఫారాల్లో ఈ రెంటికీ గడి ఉండదు కాబట్టి రెండో లైనులో మనమే రాసుకోవాలి.

టౌన్లో ఉండేవాళ్ళకు ఒక చిక్కుంది. ఇంటికి దగ్గర్లో ఉన్న పోస్టాఫీసే మనదనుకుంటాం. కొన్ని పోస్టాఫీసుల్లో బుకింగ్, సేవింగ్స్ మాత్రమే ఉంటాయి, పోస్ట్‌మాన్లు ఉండరు. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ అద్దె ఇంట్లో దిగితే, మీ వీధికి వచ్చే పోస్ట్‌మాన్‌ను పిన్ అడగండి. ఆయన చెప్పిందే సరైనది. ఇంటి ఓనరు చెప్పేది పాతదై ఉండొచ్చు.

కొరియర్ కంపెనీలు, ఆన్‌లైన్ షాపులు పోస్టాఫీసువి కాకపోయినా ఇదే పిన్‌ను వాడుకుంటాయి. ఆ పిన్‌కు డెలివరీ ఉందా లేదా, ఏ హబ్‌కు (పార్సెళ్ళు చేరి పంచే కేంద్రానికి) పంపాలి అనేది దాంతోనే తేల్చుకుంటాయి. హబ్ నుంచి బండి మీద వచ్చే కుర్రాడికి మాత్రం ఫోన్ నంబరే ఆధారం. పొలాల్లో సిగ్నల్ అందని ఇంటివాళ్ళు రెండో నంబరు ఇవ్వాలి, దీన్ని మేం ప్రతి కస్టమర్‌నూ అడిగి మరీ రాయిస్తాం. ఆర్టీసీ కార్గోలో పంపితే ఈ గొడవంతా లేదు. పెట్టె బస్టాండులో దిగుతుంది, ఫోన్ వస్తుంది, వెళ్ళి తెచ్చుకుంటారు. పచ్చి కాయలు దగ్గరి ఊళ్ళకు పంపాలంటే నా ఓటు దానికే.

అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు ఏదైనా ఆర్డర్ పెట్టేటప్పుడు ఇంకో తేడా వస్తుంది. బ్రిటన్‌లో ఒక పోస్ట్‌కోడ్ కింద సగటున పదిహేను ఇళ్ళే ఉంటాయి. ఐర్లాండ్‌లో 2015లో తెచ్చిన ఐర్‌కోడ్ అయితే ఒక్కో ఇంటికీ వేరుగా ఉంటుంది. అక్కడ కోడ్ కొడితే కారు వాకిట్లో ఆగుతుంది. ఆ అలవాటుతో ఇక్కడా పేరు, పిన్ రాసి వదిలేస్తారు. అలాంటి పార్సెళ్ళే సబ్ పోస్టాఫీసు బల్ల మీద ఎవరివో తెలియక పడి ఉంటాయి.

ఇక డిజిపిన్. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ)లతో కలిసి తయారు చేసి 2025 మేలో తెచ్చింది. దేశం మొత్తాన్ని ఒక పెద్ద చదరంలో పెట్టి, దాన్ని పదహారు గళ్ళు చేసి, ఒక్కో గడిని మళ్ళీ పదహారు చేసి, అలా పదిసార్లు విడగొడతారు. చివరికి మిగిలేది సుమారు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉండే గడి. అక్షరాలు, అంకెలు అన్నీ కలిపి పది ఉండే కోడ్ అది. అందులో మీ పేరూ ఊరూ ఏమీ ఉండవు, అక్షాంశ రేఖాంశాలే ఉంటాయి. తపాలా శాఖ వెబ్‌సైట్‌లో ఫోన్ లొకేషన్ ఆన్ చేసి చూసుకోవచ్చు. చూసేటప్పుడు ఇంటి గుమ్మం దగ్గర నిలబడి చూడండి, పెరట్లో నిలబడితే కోడ్ మారిపోతుంది. డోర్ నంబర్లు లేని మన పల్లెలకు, రొయ్యల చెరువుల దగ్గర ఒంటరిగా ఉండే ఇళ్ళకు ఇది నిజంగా ఉపయోగపడుతుందని నా నమ్మకం, అంబులెన్సుకు చెప్పడానికైనా. కానీ ఇది పిన్‌కు బదులుగా తెచ్చింది కాదు. సార్టింగ్ ఇప్పటికీ ఆరంకెల మీదే నడుస్తుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే కింది ఫ్లాట్‌కూ పై ఫ్లాట్‌కూ ఒకటే డిజిపిన్ వస్తుంది, ఫ్లాట్ నంబరు రాయక తప్పదు.

మీకు నేను చెప్పేది ఇదండి. పేరు, తండ్రి పేరు లేదా ఇంటి పేరు, వీధి గుర్తు, ఊరు, పోస్టు, వయా, మండలం, రెండు ఫోన్ నంబర్లు, పాత 523 పిన్. చోటుంటే డిజిపిన్ చివర్న. పిన్ కొట్టగానే ఫారం తనంతట తానే వేరే జిల్లా పేరు నింపేస్తే కంగారు పడి పిన్ మార్చకండి, జిల్లా పేరును అలాగే వదిలేసి మండలం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.