కెమెరా కొనడానికి సాయంత్రం ఆరున్నరకి వెళ్లు

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. సైకిల్‌కి ఏ కెమెరా కొనాలని నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ని. కానీ ఇది రెండు మాటల్లో తేలేది కాదు, కాగితం మీద ఉంటే దుకాణంలో నిలబడి ఉన్నప్పుడు కూడా చూసుకుంటావని రాస్తున్నా.

నిజాంపేట నుంచి రాయదుర్గం ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తున్నావని మీ నాన్న చెప్పినప్పుడు సంతోషమూ వేసింది, గుండెలో రాయీ పడింది. ముప్పై ఏళ్లు నల్లకుంట నుంచి సనత్‌నగర్‌కి సైకిల్ తొక్కినవాణ్ని, నిన్ను వద్దని ఎలా అంటాను? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది, చాలా బాగుంది. కానీ నీ దారి అది కాదు. నీది జేఎన్‌టీయూ చౌరస్తా, హైటెక్ సిటీ స్టేషన్ దగ్గర రైలు వంతెన, బస్సులూ క్యాబులూ ఒకదాన్నొకటి తోసుకునే రోడ్డు. అక్కడ కెమెరా పెట్టుకోవాలనుకోవడం మంచి ఆలోచనే.

ముందు నా చెయ్యి విరిగిన సంగతి పూర్తిగా చెప్తాను. మీ నాన్నకి కూడా సగమే తెలుసు. మూడేళ్ల కిందట సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, రాత్రి ఏడు గంటలప్పుడు, నారాయణగూడ ఫ్లైఓవర్ దిగి వస్తున్నా. ఒక తెల్ల కారు దాటేసి పోతూ హ్యాండిల్‌ని తగిలించింది. పడ్డాను, మణికట్టు విరిగింది, కారు ఆగలేదు. అప్పుడు నా సైకిల్‌కి కెమెరా ఉంది. డబ్బా మీద 4కే అని పెద్దక్షరాలతో రాసి ఉంటే మూడు వేలిచ్చి కొన్నది. ఆ రాత్రి కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి వీడియో చూస్తే కారు ఉంది, దాని ఎర్ర లైట్లు ఉన్నాయి, నంబరు ప్లేటు ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది. స్టేషన్లో వాళ్లు ఓపిగ్గా నాలుగుసార్లు ఆపి ఆపి చూశారు. ఒక్క అంకె రాలేదు.

నంబరు విలువ ఎంతో అప్పుడు తెలిసింది. గుద్దిన బండి ఏదో తెలియకపోతే, 2022 ఏప్రిల్ నుంచి ఉన్న పథకం ప్రకారం తీవ్రమైన గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు ఇస్తారు, అంతే. బండి తెలిస్తే రోడ్డు ప్రమాదాల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లి, వైద్యం ఖర్చూ పోయిన జీతమూ లెక్క చూపి, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి అడగొచ్చు. అందుకే నీకు నేను చెప్పేది ఒక్కటే: చీకటి పడ్డాక, కదులుతున్న సైకిల్ మీద నుంచి, ముందు పోతున్న బండి నంబరు చదవగలిగే కెమెరా కొను. మిగతా గుణాలన్నీ దాని తర్వాతే.

దీనికోసం ఒక పని చెయ్యి. దుకాణానికి మధ్యాహ్నం వెళ్లకు, సాయంత్రం ఆరున్నరకి వెళ్లు. పగటి వెలుగులో మూడు వేల కెమెరా కూడా ముచ్చటగానే తీస్తుంది. నీ మెమరీ కార్డు నువ్వు తీసుకెళ్లు, గుమ్మం బయట నిలబడి రోడ్డు మీద పోయే బండ్లని రెండు నిమిషాలు తియ్యి. చేతిని కాస్త ఊపుతూ తియ్యి, రోడ్డు మీద నీ హ్యాండిల్ అలాగే ఊగుతుంది కదా. ఆ వీడియోని కెమెరా వెనకున్న చిన్న తెరమీద చూడొద్దు. ఆ తెరమీద అన్నీ స్పష్టంగానే ఉంటాయి, నేను మోసపోయింది అక్కడే. ల్యాప్‌టాప్‌లో వేసి, ఆపి, పెద్దది చేసి చూడు. ఇలా చూడనివ్వని దుకాణంలో కొనకు.

4కే సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నీ డబ్బు పోయేది ఇక్కడే. 4కే అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలుండే బొమ్మ, 2.7కే ఆ రెండిటి మధ్యది. చవక కెమెరాల్లో చాలావాటి సెన్సర్‌కి అంత శక్తి ఉండదు. అది తీసిన ఫుల్ హెచ్‌డీ బొమ్మనే సాగదీసి 4కే అని రాస్తారు. సాగదీస్తే ఫైలు పెద్దదవుతుంది, కొత్త వివరమేమీ రాదు. అసలైన 2.7కే గానీ 4కే గానీ అయితే మాత్రం పగటిపూట నిజంగా పనికొస్తుంది. లెక్క చూడు. ఫుల్ హెచ్‌డీలో, బాగా వైడ్ లెన్స్‌తో తీస్తే, పది మీటర్ల దూరంలో ఉన్న కారు ప్లేటు మొత్తానికి నలభై పిక్సెల్స్‌కి అటూ ఇటూగా దక్కుతాయి. అందులో పది అక్షరాలు. ఒక్కోదానికి నాలుగు చుక్కలు, ఏం చదువుతాం? బైక్ ప్లేటు ఇంకా చిన్నది. అందుకే 170 డిగ్రీలు అని గొప్పగా రాసినదాన్ని చూసి మురిసిపోకు. ఎంత వెడల్పు చూపిస్తే ప్రతి వస్తువూ అంత చిన్నదవుతుంది. మెనూలో యాంగిల్ తగ్గించే వీలుందా అని అడుగు. మీడియం అని గానీ లీనియర్ అని గానీ ఉంటుంది. నీకు అది చాలు.

చీకట్లో కథ మారుతుంది. వెలుతురు తక్కువైతే కెమెరా ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. నీకన్నా గంటకి ఇరవై కిలోమీటర్లు వేగంగా పోయే బండి సెకనులో ముప్పయ్యో వంతులో దాదాపు జానెడు జరుగుతుంది. అందుకే పక్కనుంచి దాటేటప్పుడు నంబరు చెరిగిపోతుంది. కొంచెం ముందుకి వెళ్లి తిన్నగా నీ ఎదురుగా పోతున్నప్పుడు ఒకటి రెండు సెకన్లు నిలకడగా దొరుకుతుంది. నీకు కావలసింది ఆ రెండు సెకన్లే. సెకనుకి 50 గానీ 60 గానీ ఫ్రేములు పెడితే వాటిలో ఏదో ఒకటి స్పష్టంగా పడే అవకాశం ఎక్కువ. నా వీడియోలో తెల్ల మచ్చ ఎందుకొచ్చిందో కూడా తర్వాత తెలిసింది. ఇప్పటి ప్లేట్లు వెలుగుని తిప్పికొడతాయి. వెనక బండ్ల హెడ్‌లైట్లు, నా లైటు కలిసి ప్లేటు మీద పడి అది మండిపోయింది. మెనూలో ఈవీ అని, వెలుతురు ఎంత పట్టాలో చెప్పేది ఉంటుంది, సాయంత్రం దాన్ని మైనస్ సగానికి గానీ ఒకటికి గానీ దించు. వీడియో కాస్త నల్లగా కనిపిస్తుంది, అంకెలు మాత్రం తేలతాయి. అదే మెనూలో ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ అని పెట్టు, మన కరెంటు అదే, లేకపోతే వీధిదీపాల కింద వీడియో మిణుకుమిణుకుమంటుంది.

ఇప్పుడు డబ్బు. ఎనిమిది వేలు దాటనన్నావు. అందులో ఐదున్నర వేలకి మించి కెమెరాకి పెట్టకు. గోప్రో, డీజేఐ, ఇన్‌స్టా360 మంచివే, కొత్తవి నీ బడ్జెట్‌కి అందవు. లైటూ కెమెరా ఒకటిగా ఉండే సైక్లిక్, గార్మిన్ వాళ్లవి అంతకన్నా దూరం. ఎస్‌జేకామ్ లాంటి కంపెనీల్లో అసలైన 2.7కే గానీ 4కే గానీ ఉన్న మోడల్ చూడు. తెలిసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో గోప్రో హీరో 7 బ్లాక్ దొరికితే ఒక్క దానికోసం బడ్జెట్ కాస్త సడలించినా తప్పులేదు. 2018 నాటిదైనా కుదుపుని బాగా తట్టుకుంటుంది, పైన వాటర్‌ప్రూఫ్ డబ్బా తొడగకుండానే వానకి తట్టుకుంటుంది. బ్యాటరీ ఉబ్బిందేమో, పక్కనున్న మూతకి రబ్బరు సరిగ్గా ఉందేమో చూడు.

మిగిలిన డబ్బులో కార్డుకి ఖర్చు పెట్టడానికి వెనకాడకు. దుకాణంలో స్పీడు గురించి చెప్తారు. నీకు అంత స్పీడు అవసరం లేదు. సెకనుకి మూడు నాలుగు ఎంబీలు రాసుకుంటే చాలు, క్లాస్ 10 కార్డు పది రాస్తుంది. ఒకవేళ అసలైన 4కే కెమెరానే దొరికితే వీ30 అనే స్పీడు గుర్తు రాసి ఉన్నది తీసుకో. కానీ పాతది చెరిపి కొత్తది రాయడం రోజూ జరుగుతుంది కాబట్టి మామూలు కార్డు త్వరగా అరిగిపోతుంది. హై ఎండ్యూరెన్స్ అని రాసినది తీసుకో. 64 జీబీ అయితే నీకు మూడు నాలుగు రోజుల ప్రయాణం పడుతుంది. కెమెరా ఎంత జీబీ వరకు తీసుకుంటుందో ముందే అడుగు, కొన్ని చవకవి 32తోనే ఆగిపోతాయి. నకిలీ కార్డులు చాలా ఉన్నాయి. ఇంటికి రాగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో మొత్తం నింపి చూసి, తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి.

బ్యాటరీ గురించి టెన్షన్ పడకు. నీది నలభై ఐదు నిమిషాల దారి, ఆఫీసులో చార్జింగ్ పెట్టుకుంటావు. మే నెల ఎండలో మాత్రం పార్కింగ్‌లో కెమెరా వదిలెయ్యకు, బ్యాటరీ ఉబ్బుతుంది. ఎలాగూ దొంగల భయం ఉంది కాబట్టి విప్పి లోపలికి తీసుకెళ్లు.

బిగించే చోటు హ్యాండిల్ మధ్యలో. హెల్మెట్ మీద వద్దు తల్లీ, పడినప్పుడు ఆ గట్టి ముక్క తలకి తగిలే ప్రమాదం ఉంది, మెడకీ బరువు. ఒక్క కెమెరాయే అయితే ముందుకే చూడాలి, దాటి పోయినవాడి వెనక ప్లేటు ముందు కెమెరాకే దొరుకుతుంది. ప్లాస్టిక్ క్లాంపు మన స్పీడ్ బ్రేకర్లకి వదులైపోతుంది. లోహంది తీసుకుని, పాత ట్యూబు ముక్క కోసి దానికీ హ్యాండిల్‌కీ మధ్య వేసి బిగించు. వణుకు సగం తగ్గుతుంది. ఒక సన్నటి తాడుతో కెమెరాని హ్యాండిల్‌కి కట్టు కూడా. లైటు కెమెరాకి కిందుండాలి, లేకపోతే దాని వెలుగు లెన్సులోకి వస్తుంది. వానాకాలంలో డబ్బా లోపల చెమ్మ పట్టి మసకేస్తుంది, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పెట్టు.

లూప్ రికార్డింగ్, అంటే కార్డు నిండాక పాత ముక్క చెరిపి కొత్తది రాసే పద్ధతి, మూడు నిమిషాల ముక్కలకి పెట్టుకో. తేదీ, టైము వారానికోసారి చూసుకో. చవక కెమెరాల గడియారం బ్యాటరీ తీస్తే వెనక్కి పోతుంది, తప్పు తేదీ ఉన్న వీడియోని ఎవరైనా ప్రశ్నిస్తారు. దేవుడి దయవల్ల ఆ అవసరం రాకూడదు గానీ, ఏదైనా జరిగితే ముందు నంబరు గట్టిగా నోటితో చదువు. కళ్లకి కనిపించింది కెమెరాకి కనిపించకపోయినా నీ గొంతు రికార్డవుతుంది. నేను ఆ రోజు ఈ పని చేసి ఉంటే చాలేది. తర్వాత 112కి ఫోన్ చెయ్యి, కెమెరా ఆపు, కార్డు తీసి పక్కన పెట్టు. ఆపకపోతే లూప్ దాన్నే చెరిపేస్తుంది. వాట్సాప్‌లో పంపిన కాపీ నాణ్యత పోతుంది, అసలు ఫైలే ఉంచు. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద కోర్టుకిచ్చే ఇలాంటి వీడియోకి ఒక సర్టిఫికెట్ జత చెయ్యాలి, అందులో ఫైలుకి వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ కూడా రాస్తారు. ఫైలు మారలేదని చెప్పడానికే అది. కార్డు ముట్టుకోకుండా ఉంటే ఆ పని సులువు. మామూలు రోజుల వీడియోలు మాత్రం ఎక్కడా పెట్టకు, దారిలో పోయేవాళ్ల ముఖాలు మనవి కావు.

ఇంకొక్క మాట. కెమెరా ఎవరి బండినీ ఆపదు. వెనక ఎర్ర లైటు, మెరిసే జాకెట్ ఇంకా కొనలేదన్నావు. ఎనిమిది వేలలో మొదటి వెయ్యి వాటికే. డిసెంబర్లో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది, ఆ వంతెన కింద నువ్వు కనపడాలి.

శనివారం నాకు ఖాళీ. కోఠి గుజరాతీ గల్లీలో ఇద్దరం కలిసి చూద్దాం. జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కితే మారకుండానే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌కి వచ్చేస్తావు. ఆరున్నరకి కింద మెట్ల దగ్గర నిలబడి ఉంటాను. ల్యాప్‌టాప్, కార్డు మర్చిపోకు.

ఇట్లు,
మీ పెదనాన్న