ఆర్వో ప్యార్ట్ పాటలు మన చర్చి క్వయర్‌కి కుదురుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది. వైజాగ్‌లో పద్నాలుగు మందితో చర్చి క్వయర్, నాలుగు పార్టుల కీర్తనలు సోల్ఫా (దో, రె, మి అక్షరాల్లో రాసిన స్వరాలు) చూసి పాడతారు, ఈ క్రిస్మస్‌కి ఎస్తోనియా స్వరకర్త ఆర్వో ప్యార్ట్‌ది ఒకటి పాడాలని ఉంది, నొటేషన్ చూస్తే తేలిగ్గానే ఉంది, నిజంగా తేలికేనా అని కదా. నేను రైల్వే న్యూ కాలనీ వైపు ఒక క్వయర్‌లో తొమ్మిదేళ్లుగా టెనార్ (మగవాళ్ల పై గొంతు) పాడుతున్నాను. రెండేళ్ల కింద మేం ప్యార్ట్ రాసిన ‘మాగ్నిఫికాట్’ అనే పాట పట్టుకున్నాం. స్వరాలు తేలికే, రెండు ప్రాక్టీసుల్లో వచ్చేస్తాయి. శ్రుతి నిలబెట్టడమే కష్టం.

ఆయన 1968లో ‘క్రెడో’ రాసి, క్రీస్తును నమ్ముతున్నానని అందులో బాహాటంగా చెప్పేసరికి సోవియట్ అధికారులకి కోపం వచ్చింది. తర్వాత దాదాపు ఎనిమిదేళ్లు చాలా తక్కువ రాశారు, పాత గ్రెగోరియన్ గానం (అందరూ ఒకే వరసలో పాడే లాటిన్ చర్చి గానం) దగ్గర కూర్చుని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. 1976లో పియానోకి ‘ఫ్యూర్ అలీనా’ అనే చిన్న రచనతో కొత్త పద్ధతి మొదలైంది. దాని పేరు టిన్టిన్నాబులి, అంటే లాటిన్‌లో చిరుగంటలు. ఒక గొంతు మెట్టు మెట్టుగా నడుస్తుంది, దాని పక్కన ఇంకో గొంతు మన లెక్కలో స, సాధారణ గాంధారం, ప, ఈ మూడు స్వరాల మీదే తిరుగుతుంది. మొదటి గొంతు రిషభం మీదికి వచ్చిందనుకోండి, పక్క గొంతు షడ్జమం మీదే ఉండి రెండూ ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడే ఈ సంగీతం అందం, కాస్త శ్రుతి తగ్గినా అది తప్పు పాడినట్టే వినిపిస్తుంది.

‘మాగ్నిఫికాట్’ 1989 నాటిది, ఏడు నిమిషాలుంటుంది. మరియమ్మ పాటే, మన బైబిల్లో ‘నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది’ అని మొదలయ్యేది. ఎఫ్ మైనర్‌లో ఉంటుంది, అంటే ‘ఎఫ్’ మన షడ్జమం, ‘సి’ పంచమం. ఇందులో సోలో సొప్రానో (ఒంటరిగా పాడే ఆడ పై గొంతు) ఒక్క ‘సి’ మీదే ఉంటుంది, తంబురాలో పంచమం తీగలాగా. మా దగ్గర ఆ సోలో ఒక అక్క పాడింది. రెండు వారాలు ఆమెనే సరిచేశాం, “అక్కా, పైకి వెళ్లిపోతున్నావు” అని. ఆమె ఏమీ అనకుండా చెవి మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ పాడేది. ఒక రోజు ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూస్తే అక్క సరిగ్గా ‘సి’ మీదే ఉంది, మేమందరం అర స్వరం కిందికి జారిపోయి ఉన్నాం. ఆ సాయంత్రం అందరం ఆమెకి సారీ చెప్పాం.

తర్వాత పద్ధతి మార్చాం. కీబోర్డు పక్కన పెట్టేసి, తంబురా యాప్‌లో ఎఫ్, సి మాత్రం సన్నగా పెట్టుకుని నెల రోజులు పాడాం, చివరి వారం అదీ ఆపేశాం. మన కీర్తనల్లో అలవాటుగా వచ్చే జారుడు, గమకం ఇక్కడ పూర్తిగా మానేయాలి, గొంతు ఊగకూడదు. తాళం లెక్క కూడా ఉండదు, లాటిన్ మాటని బట్టే నడక, కాబట్టి ముందు మాటలు చదివించండి. ప్రాక్టీసులో ఫ్యాన్లు ఆపేయండి, చెమట పట్టినా సరే. వాక్యానికీ వాక్యానికీ మధ్య వచ్చే నిశ్శబ్దం వినిపించాలి కదా, మాకు ఒకసారి ఆ ఖాళీలో హార్బర్ నుంచి ఓడ హారన్ వినిపించింది, ఎవరూ కదల్లేదు, అది అయ్యేదాకా ఆగి మళ్లీ అందుకున్నాం.

వినాలంటే ఎస్తోనియన్ ఫిల్‌హార్మోనిక్ చాంబర్ క్వయర్ రికార్డింగ్ వినండి, తోను కల్యుస్తె నడిపించినది, ఈసీఎం అనే రికార్డింగ్ కంపెనీ వాళ్ల ‘తె దేయుమ్’ ఆల్బమ్‌లో ఉంది. నొటేషన్ వియన్నాలోని యూనివర్సల్ ఎడిషన్ వాళ్లది, జిరాక్స్ తీయకుండా అందరికీ కాపీలు కొనండి.

మీ పద్నాలుగు మందిలో ‘సి’ నిలబెట్టే గొంతు లేకపోతే ‘దా పాచెమ్ దోమినె’ తీసుకోండి. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలిన రెండు రోజులకి ఆయన రాయడం మొదలుపెట్టిన శాంతి ప్రార్థన అది, నాలుగు పార్టులే, చాలా నిదానం. ఊపిరి సరిపోదు, కాబట్టి పక్కవాళ్లతో ఒకేసారి కాకుండా వంతులవారీగా పీల్చుకోవాలి. క్రిస్మస్‌కే అంటే మాత్రం నా ఓటు మరియమ్మ పాటకే. సెప్టెంబరులో మొదలుపెట్టండి, మాకు మూడు నెలలు పట్టింది.