కోకా సుబ్బారావు గారి అసమ్మతి తీర్పు

ప్రశ్న: మన తెలుగువారైన కోకా సుబ్బారావు గారు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీ చేశారని విన్నాను. నిజమేనా? ఆయన తీర్పుల్లో ముఖ్యమైనది ఏది?

జవాబు: మీరు విన్నది నిజమే. 1902లో రాజమహేంద్రవరంలో పుట్టిన సుబ్బారావు గారు మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా పేరు తెచ్చుకుని, 1948లో అక్కడే న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో నెలకొల్పిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లి, 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఆయన పేరెత్తగానే అందరూ చెప్పేది గోలక్‌నాథ్ కేసు. ప్రాథమిక హక్కులను హరించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు లేదని 1967 ఫిబ్రవరి 27న 11 మంది ధర్మాసనం ఒక్క ఓటు ఆధిక్యంతో తేల్చింది. అయితే 1973లో కేశవానంద భారతి కేసులో ఆ తీర్పును తోసిపుచ్చారు. నన్నడిగితే, ఆయన రాసినవాటిలో ముఖ్యమైనది 1962 నాటి ఖరక్ సింగ్ కేసులోని అసమ్మతి తీర్పు, అంటే మెజారిటీ న్యాయమూర్తులతో విభేదిస్తూ విడిగా రాసిన తీర్పు.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌ను బందిపోటు కేసులో సాక్ష్యాలు లేక వదిలిపెట్టిన పోలీసులు, ఆయన పేరిట హిస్టరీ షీటు (నిఘా పెట్టాల్సిన వ్యక్తిపై పోలీసులు ఉంచే రికార్డు) మాత్రం తెరిచారు. రాత్రిళ్లు కానిస్టేబుళ్లు వచ్చి తలుపు తట్టి, కేకలు వేసి నిద్రలేపేవారు. ఈ రాత్రి తనిఖీలు చెల్లవన్న మెజారిటీ న్యాయమూర్తులు తక్కిన నిఘాను తప్పుపట్టలేదు సరికదా, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. జస్టిస్ షా గారితో కలిసి సుబ్బారావు గారు దీంతో విభేదించారు. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేననీ, నిఘా నీడలో మసలే మనిషిని స్వేచ్ఛాజీవి అనలేమనీ రాశారు. 2017లో పుట్టస్వామి కేసును విచారించిన తొమ్మిది మంది ధర్మాసనం, గోప్యత గురించి నాటి మెజారిటీ అన్న మాటను కొట్టివేసి, ఈ ఇద్దరి వాదననే సరైనదిగా స్వీకరించింది.

ఇక రాజీనామా సంగతి. పదవీ విరమణకు ఇంకా మూడు నెలలు ఉండగా, 1967 ఏప్రిల్ 11న ఆయన పదవి వదిలి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచారు. గోలక్‌నాథ్ తీర్పు వెలువడి నెలన్నర తిరగకముందే ఈ పని చేయడం విమర్శలకు తావిచ్చింది, ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. జాకీర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ దక్కగా, సుబ్బారావు గారికి 3,63,971 వచ్చింది.