నైట్ షిఫ్ట్ చేస్తూ బరువు తగ్గడం అయ్యే పనేనా?

"రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా డ్యూటీ. సాయంత్రం 7 తర్వాత ఏమీ తినొద్దన్నారు. రెండు నెలలు నోరు కట్టుకున్నా కిలో తగ్గలేదు, ఎందుకు?" అని అడిగారు.

అయ్యే పనే. ముందు ఆ 7 గంటల నియమాన్ని పక్కన పడేయండి. రాత్రి 10కి దుప్పటి కప్పుకునేవాళ్ల కోసం పుట్టిన మాట అది. మీరు 7కి తినడం ఆపి తెల్లారి 8కి పడుకుంటే పదమూడు గంటలు ఖాళీ కడుపుతో మేలుకుని ఉన్నట్టు. అంతసేపు ఆగడం చాలామంది వల్ల కాదు. మూడింటికల్లా పట్టు సడలుతుంది, ఇక చేతికి ఏది అందితే అది లోపలికి పోతుంది.

కొంప మునిగేది ఆ మూడింటి దగ్గరే. తెల్లవారుజామున 3, 5 మధ్య ఒంటి వేడి రోజంతటిలోకీ కిందికి దిగుతుంది. ఏసీ ఎవరో పెంచారనిపిస్తుంది, కళ్లు మండుతాయి, స్క్రీన్ మీద ఒకే లైను మూడుసార్లు చదువుతారు. అప్పుడు పొట్టలో ఏదో లాగుతుంది. దాన్ని అందరూ ఆకలనుకుంటారు. ఎక్కువసార్లు అది నిద్రే. తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. ఉడికించిన గుడ్డు ఎదురుగా ఉంటే తినబుద్ధవుతుందా? అయితే ఆకలే, తినండి. గుడ్డు వద్దు, బిస్కెట్లో చిప్సో అయితే కావాలి అనిపించిందంటే మీకు కావాల్సింది తిండి కాదు. లేచి లైట్లు బాగా ఉన్నచోట పది నిమిషాలు నడవండి, మెట్లెక్కండి, స్వెటర్ వేసుకోండి, వేడినీళ్లు తాగండి. కునుకు తీయనిచ్చే చోటైతే అలారం పెట్టి 20 నిమిషాలు పడుకోండి. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది.

ఆ పూట లెక్క చూడండి. 100 మి.లీ. పాలు, రెండు చెంచాల చక్కెర పడ్డ కాఫీ దాదాపు 90 కేలరీలు. మూడు కప్పులకు 270. నాలుగు బిస్కెట్లకు ఇంకో 180. మొత్తం 450. నెలకు 22 డ్యూటీలైతే 9,900. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. మీరు నోరు కట్టుకుని మిగిల్చిందంతా ఆ కాఫీ మెషిన్ దగ్గరే కరిగిపోతోంది. రాత్రంతా మనుషులు పనిచేసే చోట క్యాంటీన్ మూసేసి చిప్స్ మెషిన్ మాత్రం వెలిగించి ఉంచే తెలివి ఎవరిదో గానీ, డబ్బా ఇంటి నుంచి తెచ్చుకోవడం తప్ప దానికి విరుగుడు లేదు.

ఇక తిండి సర్దుబాటు. మధ్యాహ్నం 3కి లేస్తారనుకుందాం. 4 లోపు పెద్ద భోజనం, రోజు తిండిలో సగం. రాత్రి 8:30కి రెండో భోజనం, ఇంకో మూడో వంతు. మిగిలినది డబ్బాలో పెట్టుకుని 1 గంట ప్రాంతంలో తినండి: రెండు గుడ్లు, ఒక పండు, లేదంటే 150 గ్రాముల పెరుగు, గుప్పెడు వేరుశనగలు. 200 కేలరీలు చాలు. పొద్దున ఇంటికొచ్చాక ఆకలికి నిద్ర పట్టదనుకుంటేనే గ్లాసు పాలు. అర్ధరాత్రి దాటాక కడుపు నిండా ఎందుకు వద్దంటే, ఆ వేళకి నిద్ర పుట్టించే హార్మోన్ మెలటోనిన్ పెరిగి ఇన్సులిన్ పని మందగిస్తుంది, అదే తిండికి రక్తంలో చక్కెర పగటికంటే ఎక్కువ పెరుగుతుంది. 2021లో 19 మందితో నైట్ షిఫ్ట్ పరిస్థితులు కల్పించి చూశారు. రాత్రి కూడా తిన్నవాళ్లలో గ్లూకోజ్ 6.4 శాతం పెరిగింది, పగలే తిన్నవాళ్లలో పెరగలేదు.

చాలామంది పట్టించుకోని తప్పు ఇంకోటి ఉంది. డ్యూటీలో తోటివాళ్లతో ఒక పూట తిని, పొద్దున ఇంట్లో అందరూ టిఫిన్‌కి కూర్చున్నారని ఇంకో పూట తింటారు. రెండు గడియారాలకీ మర్యాద చేస్తే రోజుకు నాలుగు పూటలవుతుంది.

తిండి లెక్క యాప్‌లో రాసుకునేవాళ్లకి వేరే తిప్పలు. ఆ యాప్ అర్ధరాత్రి 12కి సున్నాకి తిరుగుతుంది. మీ షిఫ్ట్ నడుమ ఖాతా రెండు ముక్కలవుతుంది, 12:10కి తిన్నది "రేపటి" పద్దులోకి పోతుంది. అవి కాకిలెక్కలే. నిద్ర లేచిన దగ్గర్నుంచి మళ్లీ నిద్ర లేచేదాకా ఒక రోజు అని కాగితం మీద రాసుకోండి. బరువూ అంతే: పెద్ద నిద్ర లేచి, బాత్రూంకి వెళ్లొచ్చాక చూసుకుని, ఏడు రోజుల సగటు తీయండి. షిఫ్ట్ మారిన రెండు మూడు రోజులు ఒంట్లో నీరు నిలిచి ముల్లు కిలో అటూ ఇటూ ఆడుతుంది. దానికి బెంబేలెత్తి తిండి మానేయకండి.

నిద్ర తక్కువైతే పైన చెప్పిందేదీ నిలబడదు. 2004లో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. పగటి నిద్ర ఎటూ కోతపడేదే కాబట్టి రెండు ముక్కలుగా పడుకున్నా ఫర్వాలేదు: ఉదయం 8 నుంచి 1 దాకా, మళ్లీ సాయంత్రం గంటన్నర. అలా పడుకునే రోజు పెద్ద భోజనం మొదటి నిద్ర లేవగానే. ఆఖరి కాఫీ రాత్రి 2 లోపే, ఎందుకంటే కెఫీన్‌లో సగం ఖాళీ కావడానికే ఐదారు గంటలు పడుతుంది. కిటికీకి వెలుగు చొరని తెర కట్టండి. ఇంటికెళ్లేటప్పుడు నల్లకళ్లద్దాలు మంచివే, బండి మీరే నడుపుతుంటే మాత్రం వద్దు, కునుకొస్తుంది. సెలవు రోజుల్లో పూర్తిగా రాత్రి నిద్రకి మారిపోకుండా తెల్లవారుజామున 3 నుంచి 11 దాకా పడుకుంటే ఉదయం 8–11 డ్యూటీ రోజుల నిద్రకీ సెలవు రోజుల నిద్రకీ ఉమ్మడిగా మిగులుతుంది. ఇంట్లోవాళ్లు సణుగుతారు, సణగనివ్వండి.

వ్యాయామం లేచిన తర్వాత, డ్యూటీకి ముందు. వారానికి రెండు రోజులు బరువులు, మిగతా రోజులు అరగంట చురుకైన నడక. డ్యూటీ దిగి నేరుగా జిమ్‌కి వెళ్తే నిద్రలోంచే గంట తీసి ఖర్చుపెట్టినట్టు. ప్రొటీన్ ఒంటి బరువులో కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాములు, 70 కిలోల మనిషికి 84 నుంచి 112 గ్రాములు. రోజుకు 400 కేలరీలు కోసినా వారానికి సుమారు 360 గ్రాములు దిగుతుంది, అంతకు మించి తొందరపడితే తెల్లవారుజామున మూడింటికి ఆ చిప్స్ మెషినే గెలుస్తుంది.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతుంటే పూటలు జరిపే ముందు డాక్టర్‌తో మందుల వేళలు మార్పించుకోండి. వేళ మారిన తిండికి పాత వేళ మందు పడితే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. వారం వారం షిఫ్ట్ మారేవాళ్లు మారే వారంలో బరువు పెరగకుండా చూసుకుంటే చాలు, తగ్గే ప్రయత్నం తర్వాతి వారానికి పెట్టుకోండి.