కణకవచం, కణత్వచం ఒకటేనా?

సందేహం: మొక్క కణానికి కణకవచం, కణత్వచం రెండూ ఉంటాయనీ, జంతు కణానికి కణత్వచం ఒక్కటేననీ మా అమ్మాయి బట్టీ పడుతోంది. రెండూ పైపొరలే కదా, 'కణపొర' అంటే సరిపోదా?

సమాధానం: సరిపోదండీ. అలా అంటే పాఠంలో అసలు సంగతే పోతుంది.

పంచేంద్రియాల్లో త్వక్కు అంటామే, ఈ త్వచం అదే. చర్మం అన్నమాట. ఏది లోపలికి రావాలో, ఏది రాకూడదో చూసుకునే పలుచని పొర అది. మొక్కకైనా జంతువుకైనా అది లేని కణం లేదు. కవచం ఆ చర్మం మీద ఉండేది. మొక్క కణం సెల్యులోజ్‌తో దాన్ని తానే కట్టుకుంటుంది. మీ అమ్మాయికి కర్ణుడి కథ చెప్పండి. కవచం కోసి ఇచ్చేశాక కూడా కర్ణుడు బతికాడు. ప్రయోగశాలలో ఎంజైములతో కవచాన్ని కరిగించినా మొక్క కణం బతుకుతుంది. త్వచం పోతే మాత్రం ఏ కణమూ నిలవదు.

ఈ తేడా వంటింట్లోనూ కనిపిస్తుంది. వాడిన కొత్తిమీర కాడల్ని నీళ్లలో పెడితే కాసేపటికి నిటారుగా లేస్తుంది. కణాలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, కవచం వాటిని పగలకుండా బిగించి పట్టుకుంటుంది. అదే ఎర్ర రక్తకణాన్ని మంచినీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది. దానికి ఉన్నది చర్మమే మరి.

1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసింది కూడా చచ్చిన కణాల కవచాలనే. ఖాళీ గదుల్లా కనిపించాయని 'సెల్' అన్నాడు. లాటిన్‌లో దాని మూలానికి చిన్న గది అని అర్థం. హిందీవాళ్ల కోశిక, కన్నడంవాళ్ల జీవకోశం ఆ అర్థానికి దగ్గరగా ఉన్నాయి. మన కణానికి నలుసు, గింజ అనే అర్థాలే తప్ప గది అనే అర్థం లేదు. ఇంగ్లీషులో కవచాన్ని 'సెల్ వాల్', అంటే గది గోడ అంటారు. గది లేని చోట గోడ అనకుండా కవచం అన్నవారిది మంచి చూపు.

పనిలో పనిగా ఇంకో మాట. 'మొక్క కణంలో పత్రహరితం ఉంటుంది, జంతు కణంలో ఉండదు' అని పిల్లలు రాస్తుంటారు. పత్రహరితం ఆకుపచ్చ రంగు పదార్థం, అది ఉండే చోటు హరితరేణువు. తేడా చెప్పేటప్పుడు హరితరేణువు అనే రాయాలి. అదీ మొక్కలో ప్రతి కణానికీ ఉండదు. ఉల్లిపాయ పొరను సూక్ష్మదర్శినిలో చూస్తే కవచాలు చక్కగా కనిపిస్తాయి, హరితరేణువులు ఒక్కటీ కనిపించవు.