సోయాబీన్‌పైనే గురి ఎందుకు?

ప్రశ్న: అమెరికాతో సుంకాల పోరులో చైనా సోయాబీన్‌నే ఎందుకు లక్ష్యం చేసుకుంది?

జవాబు: 2018 జూలై 6న అమెరికా 3,400 కోట్ల డాలర్ల చైనా సరుకులపై 25 శాతం అదనపు సుంకం విధించగా, చైనా అదే రోజున అంతే విలువైన అమెరికా సరుకులపై అంతే సుంకం వేసి, సోయాబీన్‌నూ ఆ జాబితాలో చేర్చింది. చైనాలో పందులకూ కోళ్లకూ దాణాగా మారే ఈ గింజలు విస్తారంగా పండేది 2016 ఎన్నికల్లో ట్రంప్ వైపు మొగ్గిన అయోవా వంటి రాష్ట్రాల్లో కనుక, దెబ్బ పొలంపై పడినా గురి ఓటుపైనే ఉంది. కొనుగోళ్లు బ్రెజిల్‌కు మళ్లడంతో, ట్రంప్ ప్రభుత్వం ఆ నెలలోనే రైతులకు 1,200 కోట్ల డాలర్ల వరకూ సాయం ప్రకటించవలసి వచ్చింది (సుంకాల పోరు మొదలుపెట్టిన ప్రభుత్వమే పరిహారమూ చెల్లించడం విడ్డూరమే). 2020 జనవరిలో కుదిరిన తొలి దశ ఒప్పందంలో, రెండేళ్లలో అదనంగా 20,000 కోట్ల డాలర్ల అమెరికా సరుకులు, సేవలు కొంటామన్న చైనా ఆ మాట నిలుపుకోలేదు.